కాకిని పిలిచే డబ్బా

తాత సంవత్సరీకానికి ముందు రోజు రాత్రి మా ఇంటి స్పీకర్లు వాటంతట అవే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నాయి. ఎవరూ ఎక్కించుకోమని చెప్పలేదు. తెల్లారేసరికి వాటికి తెలివి ఇంకా పెరిగింది. తెలివి పెరిగితే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా బావమరిది అక్షయ్‌ని రోజూ చూస్తూనే ఉన్నాం.

ఇల్లు బేగంబజార్‌లో. కింద రాగి, ఇత్తడి సామాన్ల దుకాణం. పైన సంసారం, దాని పైన మిద్దె. దుకాణం పెట్టింది తాత, బాలకిష్టయ్య సేటు. నా సొంత తాత కాదు, మా ఆవిడ కీర్తిప్రియకు నాన్న తండ్రి. నేను ఇల్లరికపు అల్లుణ్ని, మెదక్ దిక్కు పల్లె నుంచి వచ్చినవాణ్ని. ఇల్లరికపు అల్లుడు మాట్లాడకూడదని ఎక్కడా రాసి లేదు. మాట్లాడినవాణ్ని మాత్రం నేను చూడలేదు. తాత ఉన్నన్నాళ్లు ఆయన పక్కన, పోయాక ఆయన గద్దె మీద కూర్చుని బిందెలు, గంగాళాలు అమ్ముతున్నాను. మామ పురుషోత్తం మధ్యాహ్నం దిగి వచ్చి, చాయ్ తాగి, బేరం ఎట్లా చేయాలో నాకు చెప్పి పైకి పోతాడు.

అక్షయ్ గచ్చిబౌలిలో పెద్ద కంపెనీలో పని చేశాడు. అది వదిలేసి ఇంటికి తెలివి నేర్పే పనిలో పడ్డాడు. గదికొకటి చొప్పున ఉప్పు డబ్బా అంత స్పీకరు పెట్టాడు. తీగలు లేవు. లైటు వేయమంటే వేస్తుంది, పాట పెట్టమంటే పెడుతుంది. రెండు మూడుసార్లు అరిచి చెప్పాలి, అంతే. పక్కనున్న స్విచ్చు నొక్కే శ్రమ తప్పిపోయింది. బాత్రూంలో కూడా ఒకటి పెట్టాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగితే చెబుతాడని భయం. దుకాణం బోర్డు కింద ఒకటి, మిద్దె మీద వానకు తడవనిది ఒకటి.

ఇప్పుడు అతనికి దుకాణం కావాలి. రాగి సామాను తీసేసి, గోడలకు తెల్లరంగు వేయించి, ఈ స్పీకర్ల షోరూం పెడతాడట.

"బావా, నువ్వేం ఫికర్ చెయ్యకు," అన్నాడు నాతో. "నీకు నీలం టీషర్ట్ ఇస్తం. వచ్చినోళ్లకు నవ్వుకుంట నమస్తే పెట్టుడే నీ పని."

నేను నవ్వగా అతను ఇంతవరకు చూడలేదు. అయినా వ్యాపారంలో పెట్టుబడికి వెనకాడని మనిషి.

దుకాణం నానమ్మ రుక్మిణమ్మ పేరు మీద ఉంది. మామకు కొడుకు మాట కాదనడం రాదు, తల్లి మాట కాదనడం అంతకన్నా రాదు. అందుకని ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, తాను బీపీ గోలీ వేసుకుని గోడకు ఆనుకున్నాడు. అక్షయ్ ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మలు చూపించాడు. నానమ్మ అన్నీ చూసింది.

"దుకాణం నాది కాదురా, మీ తాతది. ఆయన్నే అడుగు," అంది.

"తాతనెట్ల అడగాలె నానమ్మా?"

"సంవత్సరీకం వస్తుంది గద. పిండం పెట్టినంక కాకి ముట్టిందనుకో, ఆయనకు ఇష్టమే. నేనూ ఒప్పుకుంట. ముట్టలేదనుకో, మల్ల నా ముందట ఈ లొల్లి పెట్టొద్దు."

మా బజారులో పావురాలకు కొదువ లేదు. జొన్నలు చల్లి పుణ్యం కట్టుకునేవాళ్లు గల్లీకి ఒకరు ఉన్నారు. కాకులకే కరువు. తాత పోయిన పదో రోజున కాకి రాక, పొద్దుగూకే దాకా చుట్టాలందరూ కడుపులు పట్టుకుని ఆకాశం వంక చూశారు. నానమ్మకు ఆ సంగతి తెలుసు. ఆమె ఒప్పుకోలేదని ఎవరూ అనలేరు, ఒప్పుకుందని కూడా అనలేరు. పాత బేరగత్తె.

అయితే కాకి రాకపోవడమనేది అక్షయ్ లెక్కలో టెక్నికల్ సమస్య. ఇంటర్నెట్ నుంచి కాకి కూతలు దింపాడు. రోజూ మధ్యాహ్నం మిద్దె మీది స్పీకర్లో అవి పెట్టి, పిట్టగోడ మీద బూందీ పోశాడు. ముందు పావురాలు వచ్చాయి. తర్వాత ఒక కాకి వచ్చింది. అది వెళ్లి ఉస్మాన్‌గంజ్ దిక్కు ఉన్న చుట్టాలందరినీ వెంటబెట్టుకొచ్చింది. కొన్నాళ్లకు కూత మొదలైతే చాలు, బూందీ ఉందా లేదా అని కూడా చూడకుండా వాలేవి.

"చూసినవా బావా, దీన్ని ట్రెయినింగ్ అంటరు," అన్నాడు అక్షయ్. "ఎవ్వరికి చెప్పకు మరి."

నేను ఎవరికి ఏం చెప్పాను గనక. బూందీ అతనిది, రెట్టలు కడిగే పని నాది.

సంవత్సరీకం నాడు పురోహితుడు వామన్‌రావు పంతులు పొద్దున్నే వచ్చాడు. మామ చేత చేయించాల్సినవన్నీ చేయించాడు. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు అందరం మిద్దె ఎక్కాం. పిట్టగోడ మీద విస్తరాకు, ఆకులో పిండం, పక్కన గారెలు. మామ, ఆయన అక్క విమలాదేవి, ఇతర చుట్టాలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నానమ్మకు మోకాళ్ల నొప్పులు, కింద తన గదిలోనే ఉంది. కాకి ముట్టేదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు. కింద వంటింట్లోంచి పప్పు పోపు వాసన వస్తోంది. చచ్చినవాళ్ల మీద భక్తి కలగడానికి దాన్ని మించింది లేదు.

అక్షయ్ నీళ్ల ట్యాంకు వెనక్కి పోయి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఇంగ్లీషులో గుసగుసగా ఏదో అన్నాడు. ఫోను కూడా గుసగుసగానే జవాబిచ్చింది. మిద్దె మీది స్పీకరు మాత్రం ఉలకలేదు.

మెట్ల మీంచి కీర్తిప్రియ ఉరుక్కుంటూ వచ్చింది.

"అత్తా! నానమ్మ రూముల కాకి కూస్తున్నది! కాకి కనవడ్తలేదు, కూత ఒక్కటే ఇనవడ్తున్నది!"

విమలాదేవి రెండు చేతులు జోడించింది. "నాయిన అమ్మ దగ్గరికి వచ్చిండే! బతికున్నప్పుడు ఆమె రూము దిక్కు తొంగి చూడలే, ఇప్పుడు వచ్చిండు!"

కిందినుంచి నానమ్మ గొంతు లేచింది.

"ఒరే అక్షయ్! నా రూముల కాకి కూస్తుందిరా. పిండం ఆయనకు పెట్టిన్రా, నాకు పెట్టిన్రా? నేనింకా బతికే ఉన్న!"

అక్షయ్ ఫోను మీద టపటపా కొట్టాడు. కింద కూత ఆగింది. అతని మొహం మీద చెమట. ఫోను నా ముందు పెట్టాడు.

"బావా, రాత్రి అప్‌డేట్ అయిందట. పేర్లన్ని తారుమారైనయ్. నానమ్మ రూమును ఇది మిద్దె అనుకుంటున్నది."

మళ్లీ ఏదో నొక్కాడు. ఈసారి బాత్రూం వంతు. మామకు చక్కెర జబ్బు. ఎంత పుణ్యకార్యమైనా మధ్యలో ఒకసారి పోవాల్సిందే, అప్పుడే కిందికి పోయాడు. ఒక్క అరుపు వినబడింది. తర్వాత తడి పంచెతో మెట్లెక్కి వచ్చి మమ్మల్నందరినీ ఒక్కొక్కరినే చూశాడు.

"లోపట ఎవడో ఉన్నడు," అన్నాడు.

"ఎవలు పురుషోత్తం?" అంది విమలాదేవి.

"కాకి."

"ఇత్తనాలు చల్లినట్టు ఇల్లంత తిరుగుతున్నడు నాయిన," అని ఆమె కళ్లు ఒత్తుకుంది. "ఒక్క మిద్దె మీదికే వస్తలేడు. ఏం కోరిక ఉండిపోయిందో."

కాకి రాకపోతే పోయినవాళ్ల కోరిక ఏదో మిగిలిందని అర్థం. అది తీరుస్తామని ఒక్కొక్కరూ మాట ఇవ్వాలి. సరైన కోరిక తగిలినప్పుడు కాకి వస్తుంది. విమలాదేవి ముందుకు వచ్చి ఆకాశానికి చెప్పింది.

"నాయినా, అక్షయ్ పెండ్లి వచ్చే ఎండకాలంల చేస్తం. నువ్వు రా."

రాలేదు.

"నాయినా, నీ చేతికర్ర నేనే దానమిచ్చేసిన. తప్పయితే తప్పు," అన్నాడు మామ.

దానికీ రాలేదు. యాదగిరిగుట్టకు పోతామన్నారు, గోడకు పెద్ద ఫొటో పెట్టిస్తామన్నారు, మామ చక్కెర తినడం మానేస్తానన్నాడు. చివరిది విని పైనున్న దేవుళ్లు కూడా నవ్వి ఉంటారు. అందరూ అన్నీ ఒప్పుకున్నారు. దుకాణం మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. దాని చుట్టూ ఎంత జాగ్రత్తగా తిరిగారంటే, మిద్దె మధ్యలో బావి ఉన్నట్టు.

"పంతులుగారూ, పావురం ముడితే నడుస్తదా?" అని మామ అడిగాడు. అప్పటికే రెండు పావురాలు విస్తరి దగ్గర పచార్లు చేస్తున్నాయి.

"నడిపిస్తే నడుస్తది సేటూ. కాని మీ నాయిన పావురమై పుట్టేంత మెత్తటి మనిషేం కాదు గద," అన్నాడు వామన్‌రావు. గడియారం చూసుకున్నాడు. "సైదాబాద్‌ల ఇంకో పెద్దమనిషి నా కోసం చూస్తున్నడు. చచ్చినోళ్లు ఆగుతరు, వాళ్ల పిల్లలే ఆగరు."

అక్షయ్ నన్ను రౌటర్ దగ్గరికి పంపాడు. "తీసి, జర్ర ఆగి, మల్ల పెట్టు బావా." కిందికి పోయి తీశాను. ఆగాను. పెట్టాను. ఇంట్లో ఉన్న స్పీకర్లన్నీ ఒక్కసారి ఆడగొంతుతో, మొదలుపెడదామా అని ఇంగ్లీషులో అడిగాయి. దేవుడి గదిలోది, వంటింట్లోది, బాత్రూంలోది, అన్నీ. నానమ్మ గదిలోది అడిగినప్పుడు ఆమె, "మొదలువెట్టు తల్లీ, నీకేం పని ఉన్నది," అంది. నన్ను చూసి, "ఏమైందయ్యా అల్లుడా పైన?" అని అడిగింది. పైకి చూసి, తల అడ్డంగా ఊపాను. ఆమె నవ్వినట్టే ఉంది. ఆ వయసులో ఖాయంగా చెప్పలేం.

నేను పైకి వచ్చేసరికి అక్షయ్ ట్యాంకు వెనక కూర్చుని కంపెనీకి ఫోను చేస్తున్నాడు. చాలాసేపు సంగీతం వచ్చింది. ఆ సంగీతం మాత్రం చక్కగా వినబడింది. చివరికి ఒక గొంతు పలికింది.

"నమస్కారం సర్, నా పేరు డానియేలు. మీకు ఈ రోజు ఏ విధంగా సహాయపడగలను?"

"భాయ్, జల్ది. మా టెర్రస్ స్పీకర్ మోగుతలేదు."

"అసౌకర్యానికి చింతిస్తున్నాం సర్. స్పీకర్ మీద లైటు ఏ రంగులో ఉంది?"

"ఆరెంజ్."

"నిలకడగా ఉందా సర్, కొట్టుకుంటోందా?"

"కొట్టుకుంటుంది."

కొట్టుకుంటున్నది అక్షయ్ గుండె కూడా, చొక్కా మీంచి నాకు కనబడుతోంది.

"ఓకే సర్. మీరు ఏం వినాలనుకుంటున్నారు? సినిమా పాటలా, భక్తి పాటలా?"

అక్షయ్ ట్యాంకు పక్కనుంచి తొంగి చూశాడు. చుట్టాలందరూ ఆకాశాన్ని చూస్తున్నారు. గొంతు తగ్గించాడు.

"కాకి."

"గాయకుడి పేరు చెప్పండి సర్."

"గాయకుడు కాదు భాయ్, కాకి. కావుకావు కాకి."

అవతల కీబోర్డు టకటకలాడింది. డానియేలు మంచివాడు, లేదా ఇంతకన్నా పెద్ద పిచ్చివాళ్లను చూసినవాడు. "అర్థమైంది సర్," అన్నాడు. "ఇప్పుడు యాప్‌లో టెర్రస్ అని ఒకటి కొత్తగా కనబడుతోందా?"

"కనవడ్తుంది, కనవడ్తుంది!"

"దాన్ని నొక్కండి. వాల్యూం పూర్తిగా పెంచండి. రిపీట్ పెట్టండి. కాసేపు దాన్ని అస్సలు ముట్టుకోకండి సర్. అప్‌డేట్ కుదురుకుంటుంది. నా సేవ మీకు సంతృప్తినిచ్చిందా సర్?"

అక్షయ్ నొక్కాడు, పెంచాడు, పెట్టాడు. టెర్రస్ మీద మోగుతోందని ఫోను తెరమీద పచ్చగా చూపించింది. మేమిద్దరం స్పీకరు వైపు చూశాం. చింతపిక్కంత చప్పుడు కూడా లేదు.

"కుదురుకుంటున్నది," అన్నాడు అక్షయ్.

ఎండ కుదురుకోలేదు. చుట్టాలు ఒక్కొక్కరే గోడ నీడకు జరిగారు. ఒక పావురం గారె వైపు మెడ సాచితే విమలాదేవి కొంగుతో అదిలించింది. వామన్‌రావు పంతులు ఉత్తరీయం నెత్తిన కప్పుకున్నాడు. అక్షయ్ పెదాలు కదుపుతున్నాడు. మంత్రమేమో అనుకున్నాను. పాస్‌వర్డ్.

నేను పిట్టగోడ చివర నిలబడి ఉన్నాను. నిజం చెప్పాలంటే నాకేమీ బాధగా లేదు. ఆకాశం ఎంత ఖాళీగా ఉంటే నా గద్దె అంత పదిలం. ఆకలి కూడా తీయగానే ఉంది. అప్పుడు కింద గల్లీలోంచి మనీష్ కేక వినబడింది. ఎదురుగా ప్లాస్టిక్ సామాన్ల దుకాణం మనీష్‌ది.

"సేట్‌జీ! ఓ పురుషోత్తం సేట్‌జీ! ఆప్‌కీ దుకాన్ పే కౌవే హీ కౌవే! జల్దీ ఆవో!"

అందరం ఒకేసారి పిట్టగోడ మీంచి కిందికి వంగాం.

ఆ రోజు దుకాణం మూసే ఉంది. కానీ పెద్ద గంగాళాలు లోపల పట్టవు, గొలుసు వేసి అరుగు మీదే ఉంచుతాం. గంగాళాల అంచుల మీద కాకులు. బోర్డు మీద కాకులు. షట్టరు తాళం మీద ఒకటి, తాళం తీసేవాడి కోసం చూస్తున్నట్టు. బోర్డు కింది స్పీకరు గొంతు చించుకుని కావుకావుమంటోంది. బజారు రద్దీలో, ఆటోల హారన్లలో, ఆ మోత మా మిద్దె దాకా రాలేదు. వాటి చెవులకు మాత్రం ఉస్మాన్‌గంజ్ దాకా వినబడింది. ఇన్నాళ్లూ మధ్యాహ్నం బూందీ తిన్న ఒక్క కాకి కూడా రాకుండా లేదు. హాజరు పూర్తి.

అక్షయ్ తెలివైనవాడు, చటుక్కున ఫోను తీసి కూత ఆపేశాడు. కాకులు ఎగరలేదు. బూందీ కోసం ఆగాయి.

మేం కిందికి దిగేసరికి మా కంటే ముందు నానమ్మ దిగి ఉంది. ఏ మోకాళ్లతో దిగిందో తెలియదు. అరుగు మీద, గంగాళాలకు కాస్త దూరంలో, గోడ పట్టుకుని నిలబడింది. గల్లీలో జనం మూగారు. తోపుడు బండ్లవాళ్లు బండ్లు ఆపి చూస్తున్నారు.

"పిండం తెమ్మను," అంది.

మామ మళ్లీ మిద్దె ఎక్కి విస్తరి రెండు చేతులతో మోసుకొచ్చాడు. అడ్డుపడడానికి ఎవరికీ ధైర్యం లేదు, ఓపిక కూడా లేదు. నానమ్మ చూపించిన చోట, బోర్లించిన గంగాళం మీద పెట్టాడు. అందరూ రెండడుగులు వెనక్కి జరిగారు. బొద్దుగా ఉన్న ఒక కాకి ముందుకు గెంతింది. మెడ పక్కకు తిప్పి పిండాన్ని చూసింది, గారెను చూసింది. బూందీ లేదని తెలిసి ఒక క్షణం ఆలోచించింది. తర్వాత పిండాన్ని పొడిచి, ముక్కుకు పట్టినంత తీసుకుని పైకి లేచింది.

విమలాదేవి భోరుమంది. మామ అక్కడే గల్లీలో సాష్టాంగ పడ్డాడు. "సేట్ మహరాజ్ ఆయే," అని మనీష్ చెప్పులు విడిచాడు.

అక్షయ్ మొహం వెలిగింది. "నానమ్మా! ముట్టింది! అందరు చూసిన్రు, ముట్టింది! నువ్వన్నవు గద, ముడితే ఒప్పుకుంటనని?"

"అన్న."

"మరి?"

"ఏడ ముట్టింది?"

అక్షయ్ గంగాళం వైపు చూశాడు.

"మిద్దె మీద పెట్టినం, రాలే," అంది నానమ్మ. "నా రూముల కూసిండు, కనవడలే. బాత్రూంల నీ నాయినను భయపెట్టిండు. ఆఖరికి దుకాణానికి వచ్చిండు, గంగాళం మీద కూసున్నడు, దాని మీదనే తిన్నడు. ఇంక నేనేం చెప్పాలెరా? మనిషి నోటితోని చెప్పినా ఇంత సాఫ్‌గ చెప్పడు."

"అట్ల కాదు నానమ్మా! అది... ఆ కూత..."

అక్కడ ఆగాడు. చుట్టూ చూశాడు. అత్త ఇంకా ఏడుస్తోంది. మామ ఇంకా నేల మీదే ఉన్నాడు. కూత తన స్పీకరులోదని చెబితే, కాకి ముట్టడం కూడా తన పనే అని చెప్పినట్టు. చెప్పకపోతే దుకాణం పోయినట్టు. గచ్చిబౌలిలో నేర్పిన చదువులో దీనికి రీసెట్ బటన్ ఎక్కడుందో అతను వెతుక్కుంటున్నాడు.

నానమ్మ అతనికి ఆ శ్రమ కూడా తప్పించింది. దగ్గరికి పిలిచి, అతనికీ పక్కనే ఉన్న నాకూ వినబడేంత మెల్లగా అంది.

"మిద్దె మీద దినాం బూందీ ఎవ్వరికి పోస్తున్నవో నాకు తెల్వదనుకున్నవారా? మోకాళ్లు పోయినయ్ గాని చెవులు పోలే. పిలిచింది నీ డబ్బానే. పిలిస్తే ఏడికి రావాల్నో ఆయన చూసుకున్నడు."

"నానమ్మా, అది సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం..."

"ఉండనీ. బతికున్నప్పుడు మీ తాతకూ ఉండె. ఎవ్వరి మాట ఇనకపోతుండె."

వామన్‌రావు పంతులు అరుగు పక్కకు వచ్చి, దానంగా తనకివ్వాల్సిన గంగాళం ఇదేనా అని అడిగాడు. ఇదేనని మామ చెప్పాడు. పంతులు దాని మీది రెట్టల వైపు చూసి, పితృదేవతలు ముట్టినదాన్ని ఇంట్లోనే ఉంచుకోవడం మంచిదని, తనకు దాని పక్కది చాలని అన్నాడు. శాస్త్రంలో అన్నిటికీ వీలుంది.

పోయే ముందు అక్షయ్‌ని షట్టరు చాటుకు తీసుకుపోయాడు. గంగాళాల గొలుసు తాళంచెవి కోసం నేను షట్టరు తీస్తున్నాను కాబట్టి వినబడింది.

"బాబూ, ఆ డబ్బా ఎంత దూరం ఇనవడ్తది?"

"ఏ డబ్బా పంతులుగారూ?"

"నాకు మూడు తరాల పౌరోహిత్యం నాయినా. నిజం కాకి ఏదో, కరెంటు కాకి ఏదో తెల్వదా? సైదాబాద్‌ల ఆయనకు మూడేండ్ల నుంచి ఒక్క కాకి ముట్టలే. కొడుకులు బాధ పడుతున్నరు. నీ డబ్బా ఒకటి స్కూటర్ మీద పెట్టుకపోతె..."

అక్షయ్ కళ్లు మళ్లీ దుకాణం గోడల మీదికి పోయాయి, కొలతలు తీస్తున్నట్టు. నేను షట్టరు గట్టిగా కిందికి లాగాను.

పైన విస్తర్లు వేశారు. అందరూ ఆవురావురుమంటూ తిన్నారు. పప్పు చల్లారిపోయింది, ఎవరూ గమనించలేదు. మామ తాత గొప్పతనం చెబుతూ మూడు బూరెలు తిన్నాడు. అక్షయ్ నా పక్కనే కూర్చుని అన్నం కెలుకుతున్నాడు.

"నువ్వు ఒక్క మాటన్న అనొచ్చు గద బావా," అన్నాడు.

కీర్తిప్రియ గారెల పళ్లెంతో వంగింది. ఇంకో రెండు వేయమన్నాను.